బుర్ర ఇంట్లో పెట్టి వెళ్ళమనే మాట

“బుర్ర ఇంట్లో పెట్టి వెళ్తే సరదాగానే ఉంటుంది.” ఇద్దరు పోలీసులు మొదట కీచులాడుకుని, తర్వాత ప్రాణస్నేహితులై, చివరికి భుజం భుజం కలిపి విలన్ ముఠాను మట్టి కరిపించే సినిమాల మీద చదువుకున్న ఇళ్ళలో వినబడే తీర్పు ఇది. చూశామని ఒప్పుకుంటూనే, చూసినందుకు క్షమించమని అడిగే మాట. ఆ సంతోషాన్ని దొంగచాటు సంతోషంగా, చాటుగా తిన్న మిఠాయిలా చెప్పుకోవడం అలవాటైపోయింది. కోలార్ జిల్లాలో ఈ తీర్పుకు కన్నడ సాహిత్యంలోని పెద్దల పేర్లు కూడా తోడొస్తాయి. డి.వి. గుండప్ప పుట్టింది ముళబాగిలులో. మాస్తి వెంకటేశ అయ్యంగార్ సొంతూరు మాలూరు తాలూకా మాస్తి. అలాంటివాళ్ళు పుట్టిన గడ్డ మీద, ఇంట్లో తెలుగూ బడిలో కన్నడమూ మాట్లాడే పిల్లలు ఫైటింగు సినిమాలకు ఎగబడటమేమిటని అడగడం తేలిక. ఆ తీర్పు రెండు విధాలా తప్పని నా వాదన. ఈ సినిమాలు చూడటానికి బుర్ర కావాలి. చూసి ఆనందించినందుకు సిగ్గుపడక్కర్లేదు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. “బుర్ర లేని సినిమా” అన్న పేరు పైకి తిట్టులా వినిపిస్తుంది కానీ, ఆ సినిమాలకు అంతకు మించిన రక్షణ లేదు. అడగాల్సిన ప్రశ్నలన్నీ ఆ పేరు దగ్గరే ఆగిపోతున్నాయి.

ముందు బుర్ర సంగతి. 2022 మార్చి 25న విడుదలైన ఆర్.ఆర్.ఆర్.ను తీసుకుందాం. ఇద్దరు వీరుల్లో ఒకడు పోలీసు, రెండోవాడు ఆ పోలీసు వెతుకుతున్న మనిషి. జంట పోలీసుల కథకు మన భాషలో వచ్చిన అతి పెద్ద చుట్టం ఇదే. విడుదలకు ఆరు రోజుల ముందు ఆ సినిమా వేడుక చిక్కబళ్ళాపురంలో జరిగింది. 2007 దాకా ఆ ఊరు కోలార్ జిల్లాలోదే. సినిమా మొదట్లో వంతెన మీద రైలు పేలుతుంది. కింద నదిలో మంటల మధ్య ఒక పిల్లాడు చిక్కుకుంటాడు. వంతెన మీదున్నవాడికీ ఒడ్డునున్నవాడికీ అప్పటిదాకా పరిచయం లేదు. ఒక్క మాట లేకుండా, చేతి సైగలతోనే ఎత్తు కుదురుతుంది. ఒకడు గుర్రం మీద, ఇంకొకడు మోటారు సైకిలు మీద దూసుకొచ్చి, ఒకే తాడు రెండు కొసలూ పట్టుకుని వంతెనకు చెరోపక్క దూకుతారు. ఒకడి బరువే రెండోవాడికి ఆధారం. ఒక్కడు వెనకాడినా ఇద్దరూ పోతారు. ఆ కాసేపట్లో చూసేవాడి బుర్ర ఎంత పని చేస్తుందో గమనించండి. సైగలకు అర్థం పట్టాలి, తాడు ఎక్కడ పడి నిలుస్తుందో ఊహించాలి, బరువు ఎటు మొగ్గుతుందో చూడాలి, ఇవన్నీ దాటి ఇద్దరు అపరిచితుల మధ్య నమ్మకం పుట్టడాన్ని కనిపెట్టాలి. ఇదంతా జరిగే పని కాదని ఎగతాళి చేసినవాడు కూడా ఆ లెక్క మనసులో వేసుకున్నాకే ఎగతాళి చేయగలిగాడు. ఈ మాట కోలార్ బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.కు విడమరచి చెప్పక్కర్లేదు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. మనుషులను దించే పంజరం ఒక ఇనుప తాడు మీద వేలాడేది. పైన ఇంజను నడిపేవాడు కిందివాళ్ళకు కనబడడు, మధ్య మాటల్లేవు, గంట సంకేతాలే. కింద రాయి ఉన్నట్టుండి పేలిపోయే ప్రమాదం రోజూ ఉండేది. తాడుకు ఇవతలి కొసన ఉన్నవాడు అవతలి కొసన ఉన్నవాణ్ణి నమ్మడమనే కథను అలాంటి ఊళ్ళో అర్థంలేనిదని కొట్టిపారేయడం ఆ ఊరి అనుభవాన్నే కొట్టిపారేయడం.

ఈ జంట కథ నిన్న మొన్న హాలీవుడ్‌లో పుట్టిన చౌకబారు సరుకని కూడా అంటారు. దాని చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. 1949లో అకిరా కురొసావా తీసిన ‘స్ట్రే డాగ్’లో కుర్ర పోలీసు ఒకడు తుపాకీ పోగొట్టుకుని, అనుభవమున్న పెద్దాయనతో కలిసి మండుటెండలో టోక్యో అంతా గాలిస్తాడు. యుద్ధంలో ఓడిన దేశం తన యువకుల సంగతేమిటని వేసుకున్న ప్రశ్న ఆ వెతుకులాటలో ఉంది. 1967లో వచ్చిన ‘ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్’లో నల్లజాతి డిటెక్టివ్, తెల్లజాతి పోలీసు అధికారి ఒకే కేసు మీద పనిచేయక తప్పని పరిస్థితి వస్తుంది. దానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ దక్కింది. 1982లో ‘48 అవర్స్’, 1987లో ‘లెథల్ వెపన్’ ఆ ఒరవడికి హాస్యం, వేగం కలిపాయి. పడనివాళ్ళిద్దరిని ఒకే పనికి కట్టేస్తే ఒకరిలో ఒకరికి మనిషి కనబడతాడన్నది వీటన్నిటి వెనకున్న ఆలోచన. మన దగ్గరికొచ్చేసరికి ఆ జంట వింత రూపం తీసుకుంది. తారను కొలిచే మన పరిశ్రమ ఇద్దరినీ ఒకే ఒంట్లోకి దించింది. 2006లో వచ్చిన ‘విక్రమార్కుడు’లో దొంగ అత్తిలి సత్తిబాబూ రవితేజే, పోలీసు విక్రమ్ రాథోడ్ కూడా రవితేజే. పోలీసు చనిపోతాడు, దొంగ ఆ బరువు భుజానికెత్తుకుంటాడు. 1989 నాటి ‘అంకుశం’లో ఈ జంట ఇంకా లోతుగా దాగి ఉంది. తెర మీద నిప్పులు చెరిగిన పోలీసు ఒళ్ళు రాజశేఖర్‌ది, గొంతు సాయికుమార్‌ది. ఒక్క ఖాకీ చొక్కాలో ఇద్దరు మనుషులన్నమాట. ఆ గొంతే 1996లో సొంత ముఖంతో కన్నడ ‘పోలీస్ స్టోరీ’లో అగ్ని అయింది. దాన్ని తీసినవాడు ఫైట్ మాస్టర్ థ్రిల్లర్ మంజు. తర్వాత అది తెలుగులోకీ వచ్చింది. ఆ సాయికుమారే అప్పటికి చిక్కబళ్ళాపురం జిల్లాలోకి వెళ్ళిన బాగేపల్లిలో 2008లోనూ 2018లోనూ శాసనసభకు నిలబడి, రెండుసార్లూ ఓడాడు. తెర మీద పోలీసును మెచ్చుకున్న జనం ఓటేసేటప్పుడు వేరే లెక్క వేసుకున్నారు. బుర్ర ఇంట్లో పెట్టి వచ్చే జనం చేసే పని కాదది.

కొట్లాటను చూసి ఆనందించడం ఈ నేలకు కొత్తా కాదు. చింతామణి తాలూకా కైవారమే భారతంలోని ఏకచక్రపురమని అక్కడి స్థలపురాణం, భీముడు బకాసురుణ్ణి చంపింది అక్కడి కొండ మీదేనని నమ్మకం. ఆ కథ నడకను ఒక్కసారి తలుచుకోండి. ఊరివాళ్ళు రాక్షసుడికి వంతులవారీగా బండెడు అన్నం, దాంతోపాటు ఒక మనిషిని పంపాలి. ఆ వంతున బయల్దేరిన భీముడు ఆ అన్నం తానే తినడం మొదలుపెడతాడు. రాక్షసుడు వెనక నుంచి వీపు మీద గుద్దుతున్నా తిండి ఆపడు. తిన్నాక చెయ్యి కడుక్కుని యుద్ధానికి లేస్తాడు. ముందు నవ్వు, తర్వాత దెబ్బ, దాని వెనక ఊరికి న్యాయం. సరిగ్గా మన మాస్ సినిమా అమరిక. ఆదిపర్వంలో చదివినప్పుడు గానీ హరికథలో విన్నప్పుడు గానీ దీన్ని దొంగచాటు సంతోషమని ఎవరూ అనలేదు. ముళబాగిలు తాలూకా ఆవనిలో జంట కథ ఒకటి ఇలాగే బతుకుతోంది. లవకుశులు పుట్టింది అక్కడేనని, యజ్ఞాశ్వాన్ని కట్టేసి రాముడి సేననే నిలువరించింది అక్కడేనని చెబుతారు. ఇద్దరు కుర్రాళ్ళు, ఒక గుర్రం, ఎదురుగా రాజ్యం. ఇక కైవారం పేరు చెప్పగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చేది భీముడొక్కడే కాదు, తెలుగులో తత్వాలు కట్టిన కైవారం తాతయ్య కూడా. ఒకే ఊరు తత్వానికీ కుస్తీకీ చోటిచ్చింది. మాస్తి చదివేవాడు ఫైటింగు చూడకూడదనే వాదానికి కైవారమే జవాబు.

మరి సిగ్గు ఎక్కడి నుంచి వచ్చింది? నా దృష్టిలో అది నీతి నుంచి రాలేదు, పక్కన కూర్చునేవాడిని బట్టి వచ్చింది. టిక్కెట్టు తక్కువ ధరకు అమ్మే వరసల్లో ఈల వేసేవాడు ఇష్టపడేదాన్ని నేనూ ఇష్టపడుతున్నానని బయటపడటమే ఇక్కడ నేరం. దీనికి రుజువు, సర్టిఫికెట్టు రాగానే ఆ సిగ్గు మాయం కావడమే. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చిన రోజున దాని ముందు రోజు దాకా పెదవి విరిచినవాళ్ళు కూడా మనదే గెలుపన్నారు. పాట మారలేదు, సినిమా మారలేదు, మెచ్చుకున్నవాళ్ళు మారారు. కోలార్ బంగారు గనుల పేరుతో 2018 డిసెంబరులో వచ్చిన ‘కె.జి.ఎఫ్.’ మొదటి భాగానికి పోరాటాల రూపకల్పనలో జాతీయ పురస్కారం దక్కింది. విక్రమ్ మోర్‌తో పాటు దాన్ని అందుకున్న అన్బరివ్ అనేవాళ్ళు కవల సోదరులు, అక్కడా జంటే. ఆర్.ఆర్.ఆర్.కు అదే పురస్కారం కింగ్ సోలమన్ అందుకున్నాడు. నిజానికి మన జాతీయ అవార్డుల్లో ఫైట్ మాస్టర్లకంటూ విభాగం వచ్చి పట్టుమని పదేళ్ళు కాలేదు. 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి ఆస్కార్‌లోనూ స్టంట్లకు విడిగా బహుమతి ఉంటుందని అకాడమీ ప్రకటించింది. పాట రాసినవాణ్ణి, కెమెరా పట్టినవాణ్ణి దశాబ్దాలుగా కళాకారులంటున్నాం. ఒళ్ళు విరగ్గొట్టుకుని, పడే ప్రతి అడుగూ కొలిచి అమర్చినవాణ్ణి మాత్రం బుర్రలేని పని చేసేవాడన్నాం. చేతిపనినీ ఒంటి కష్టాన్నీ తక్కువ చేసే పాత అలవాటే సినిమా రుచి రూపంలో మళ్ళీ మన ముందుకొచ్చింది.

దీనికి గట్టి ఆక్షేపణలున్నాయి. మొదటిది, ఇవి కష్టాన్ని మరిపించే మత్తు అన్నది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక కె.జి.ఎఫ్.లో పని పోయింది. అక్కడి మారికుప్పం స్టేషన్లో తెల్లవారక ముందే కదిలే రైళ్ళలో వేలమంది బెంగళూరుకు వెళ్ళి, పొద్దుపోయాక తిరిగొస్తున్నారు. అలాంటివాళ్ళకు ఈ సినిమాలు నొప్పి తెలియకుండా చేస్తాయే తప్ప మందు ఇవ్వవని విమర్శ. కానీ మత్తుకూ కోరికకూ తేడా ఉంది. మత్తు నొప్పిని మరిపిస్తుంది, కోరిక నొప్పికి పేరు పెడుతుంది. కంబాలపల్లిని గుర్తు చేసుకుందాం. 2000 మార్చి 11న, అప్పటి కోలార్ జిల్లా చింతామణి తాలూకాలోని ఆ ఊళ్ళో ఏడుగురు దళితులను ఇళ్ళల్లో సజీవంగా కాల్చి చంపారు. సాక్షులు ఒకరి తర్వాత ఒకరు మాట మార్చారు. 2006లో కింది కోర్టు నిందితులను విడిచిపెట్టింది, 2014లో హైకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. ఏడు ప్రాణాలు పోయాయి, దోషి అంటూ ఒక్కడూ తేలలేదు. ఆ తాలూకాలో, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక మనిషి సినిమాకు వెళ్ళి, సాక్షిని కాపాడటానికి రాత్రంతా గుమ్మంలో కాపలా కాసే ఇద్దరు పోలీసులను చూసి చప్పట్లు కొడితే, అతను లోకాన్ని మరిచిపోయాడని ఎలా అంటాం? లోకం ఎక్కడ విరిగిందో అతనికి కచ్చితంగా తెలుసు. సాక్షి భయపడకూడదు, కేసు పట్టినవాడు అమ్ముడుపోకూడదు, వాడికి తోడుగా ఇంకొకడు నిలబడాలి. ఈ మూడూ ఉన్న లోకాన్ని రెండున్నర గంటలు చూడటాన్ని పలాయనమంటే న్యాయం కోరడాన్నే పలాయనమనాలి.

రెండోది ఇంకా బరువైన ఆక్షేపణ, దాన్ని తేలిగ్గా దాటకూడదు. ఈ సినిమాలు పోలీసును దేవుణ్ణి చేస్తాయి, చట్టం దాటి కాల్చడాన్ని చప్పట్ల పాలు చేస్తాయి, చిత్రహింసను హాస్యం చేస్తాయన్నది. ఇది నిజం. ఈ మాట అనడానికి కె.జి.ఎఫ్.కు ఉన్నంత హక్కు ఇంకే ఊరికీ లేదు. కోలార్ ఒక్క జిల్లానే అయినా అక్కడ ఎస్పీలు ఇద్దరు, కె.జి.ఎఫ్.కు విడిగా ఒకరు. గనివాడిని ముందు దొంగగా అనుమానించి తర్వాత మనిషిగా చూసిన కాలం ఆ ఊరిది. 1930లో కార్మికులను వేలిముద్రలతో నమోదు చేయాలన్న నిబంధన మీద వేలమంది సమ్మె కట్టారు. 1946 నవంబరులో పోలీసు కాల్పుల్లో ఆరుగురు కార్మికులు చనిపోయారు. అలాంటి చోట ఖాకీ చొక్కాకు కొట్టే చప్పట్లు ఆలోచించి కొట్టాల్సినవే. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఒక అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. పోలీసులు చెప్పిన కథను అది నమ్మలేదు, చంపాలనే కాల్చారని తేల్చి, పదిమంది పోలీసులను హత్య కేసులో విచారించమంది. ఆ పూలకూ మన సినిమాలకూ సంబంధమే లేదని నేను అనను. అయితే ఈ ఆక్షేపణను బుర్ర ఇంట్లో పెట్టి వెళ్ళమన్నవాడు ఎలా చేయగలడు? అతను ముందే ఒప్పుకున్నాడు, ఇందులో ఆలోచించడానికేమీ లేదని. నిర్మాతా అదే అంటాడు, లాజిక్కులు వెతకొద్దు, వినోదం కోసమే తీశామని. తిట్టేవాడూ తీసేవాడూ ఒకే మాట మీద చేతులు కలిపారు. మధ్యలో జవాబు చెప్పాల్సిన పని ఎవరికీ లేకుండా పోయింది. చూసేవాడికి బుర్ర ఉందని గౌరవించినప్పుడే, నీ చప్పట్లు దేనికి, ఆ ఇద్దరి స్నేహానికా, సంకెళ్ళతో ఉన్నవాడి మీద పేలిన తుపాకీకా అని అడగగలం. ఆ రెండూ ఒకటి కావు. మొదటిదాన్ని ప్రేమిస్తూనే రెండోదాన్ని నిలదీయవచ్చు.

ఈ జాతి సినిమాలే ఆ ప్రశ్న అడగగలవని కూడా గుర్తించాలి. ఆర్.ఆర్.ఆర్.లో తెల్లవాడి కొలువులో ఉన్న పోలీసు రాముడు (అల్లూరి) మొదట ఒంటరిగా వేలమంది గుంపులోకి దూకి, పై అధికారి వేలు చూపినవాణ్ణి ఈడ్చుకొస్తాడు. తర్వాత అదే యూనిఫాంలో, జనం ముందు, ప్రాణస్నేహితుడైన కొమురం భీమును కొరడాతో కొట్టాల్సి వస్తుంది. ఎవరి ఆజ్ఞకు చెయ్యి లేస్తోందో అడగని పోలీసు చివరికి ఎవరిని కొడతాడన్న ప్రశ్న ఆ కొరడా దెబ్బల్లో వినబడుతుంది. అదే సినిమాను బుర్రతో చూస్తే దాని లోపం కూడా దాగదు. నిజ జీవితంలో కలిసినట్టు ఆధారం లేని అల్లూరినీ కొమురం భీమునీ జంట కట్టడం కవి స్వేచ్ఛ అనుకుందాం. కానీ చివర్లో ఏం కావాలని అడిగితే భీము చదువు కావాలంటాడు, రాముడు గురువవుతాడు. ‘జల్ జంగల్ జమీన్’ అన్న మాట గోండు వీరుడి పోరాటంతో ముడిపడినది, సినిమాలో అది రాముడి చేతి రాత. సమానులుగా ఒకే తాడు పట్టుకుని దూకినవాళ్ళను చివరికొచ్చేసరికి గురుశిష్యులను చేయడం ఆ జంటకే ద్రోహం. ఈ విమర్శ ఆదివాసుల పక్షాన మాట్లాడేవాళ్ళు చేశారు, సరిగ్గా చేశారు. సినిమాను శ్రద్ధగా చూశారు కాబట్టే చేయగలిగారు. స్త్రీల సంగతీ అంతే. జంట అంటే ఇద్దరు మగాళ్ళే ఎందుకని అడగాలి. 1990లో ‘కర్తవ్యం’లో విజయశాంతి పోలీసు చొక్కా వేసుకుని జాతీయ అవార్డు తెచ్చుకుంది. మూడు దశాబ్దాలు దాటినా ఆమె పక్కన నిలబడే రెండో ఆడ పోలీసు మన తెర మీద అరుదే.

‘కె.జి.ఎఫ్.’ మీద ఆ ఊరికున్న ఫిర్యాదునూ ఇదే తీరుగా చూడాలి. సినిమాలో గని రహస్య కోట, కార్మికులు నోరులేని బానిసలు, విడిపించడానికి బయటి నుంచి ఒక్కడు రావాలి. కథ ముఖ్యంగా 1970ల చివరి కాలంలో నడుస్తుంది. అప్పటికి నిజమైన గనులు 1956లోనే మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి వచ్చి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అయ్యాయి. సంఘాలున్నాయి, సమ్మెలున్నాయి, ప్రాణాలిచ్చిన కార్మికులున్నారు. తమను ఎవరూ వచ్చి విడిపించలేదని, తామే కొట్లాడామని ఆ ఊరి చరిత్ర చెబుతుంది. మూడు కోట్ల టన్నులు దాటిన సైనైడ్ దిబ్బల మీద సెట్టు వేసి, ఆ దుమ్మును ప్రపంచమంతా అందంగా చూపించారు. ఆ దుమ్ము పీల్చినవాళ్ళ పోరాటాన్ని మాత్రం తెర మీదికి రానివ్వలేదు. ఈ ఫిర్యాదు న్యాయమైనది. దీనికి “అది మాస్ సినిమా, అంత ఆలోచించకు” అని జవాబిచ్చేవాడు కె.జి.ఎఫ్. వాళ్ళకు రెండోసారి అన్యాయం చేస్తున్నాడు. సినిమా ఊరి పేరు వాడుకుంది, ఆ పేరుకు లెక్క చెప్పాలి. బుర్ర లేనిదని ముద్ర వేయించుకున్న సినిమా ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. అందుకే ఆ ముద్ర పోవాలి.

కాబట్టి ఈ సినిమాలకు వెళ్ళండి, తల వంచుకోకుండా వెళ్ళండి. ఇద్దరు కొట్లాడుకుని కలిసిపోతే సంతోషించండి. దూకినవాడి అడుగు ఎంత కచ్చితంగా పడిందో చూసి ఈల వేయండి. కట్టేసి ఉన్న మనిషి మీద తుపాకీ పేలినప్పుడు ఆ ఈల ఆపండి. గుండప్పను చదివిన బుర్రే, తాతయ్య తత్వం విన్న బుర్రే ఇక్కడా పనికొస్తుంది, దాన్ని గుమ్మం బయట వదిలేయమనే హక్కు ఎవరికీ లేదు. గనిలోకి దిగే పంజరంలో మనిషి తన బుర్రను పైన వదిలి వెళ్ళలేదు. గంట ఎన్నిసార్లు మోగిందో, తాడు ఎలా కదులుతోందో, పక్కవాడు ఎక్కడున్నాడో వింటూ, చూస్తూ, లెక్కేసుకుంటూ దిగాడు. ఆ గనివాడి మనవడు చీకటి హాల్లో తెర వైపు చూసేటప్పుడు కూడా అలాగే చూస్తాడు. అతని సంతోషానికి దొంగచాటు అవసరం లేదు. అతని ప్రశ్నకు మాత్రం సినిమా జవాబు బాకీ ఉంది.